సమాధానం: లిబ్రేఆఫీస్‌లో పాత వర్డ్ ఫైళ్ల పేజీలు ఎందుకు జరుగుతున్నాయి
మీరు డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), లిబ్రేఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరిచే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) వాడకానికి మారాక 12 పేజీల ఒప్పందం 13 పేజీలవుతోందని, సంతకాల గడి ఒక్కటే చివరి పేజీకి పోతోందని రాశారు. తప్పు ఫైలుది కాదండీ, ఫాంటుది. ఆ ఫైళ్లలో వాడిన మైక్రోసాఫ్ట్ ఫాంట్లు కాలిబ్రి, కాంబ్రియా మీ సిస్టమ్‌లో లేవు. బదులుగా వచ్చిన ఫాంటులో అక్షరాల వెడల్పు వేరు. టూల్‌బార్‌లో ఫాంటు పేరు వాలుగా కనిపిస్తే అదే గుర్తు.

కార్లిటో, కలాడియా అనే ఫాంట్లు ఇన్‌స్టాల్ చేయండి. వీటి అక్షరాల కొలతలు కాలిబ్రి, కాంబ్రియాలతో సరిపోయేలా చేసినవే. లిబ్రేఆఫీస్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. పేరు అప్పుడూ వాలుగానే ఉంటుంది, కంగారు పడకండి. పేజీల లెక్క చూసుకోండి. అన్ని మెషీన్లలోనూ వేయించండి, ఒక్కటి తప్పినా గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

మాక్రోలు (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ షీట్లను మాత్రం ఇప్పుడే కదపొద్దు. ఆ మాక్రోలు రాసే భాష వీబీఏ లిబ్రేఆఫీస్‌లో కొంతవరకే నడుస్తుంది. ఒక్కొక్కటీ పరీక్షించాకే మార్చండి.