ఒక ఏడాది బుట్టనిండా, మరుసటి ఏడాది పలచగా: వేరు పురుగు లెక్క ఎందుకు కుదురుకోదు?

ప్రశ్న: మా చేలో వేరు పురుగు బెడద ఉంది. ఆరేళ్లుగా తొలకరి పడగానే దీపపు ఎర పెట్టి, పడ్డ పెంకు పురుగులను (వేరు పురుగు పెద్దయితే అయ్యేది ఇదే) లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఒక ఏడాది బుట్ట నిండుతుంది, మరుసటి ఏడాది అడుగు కూడా నిండదు. డిగ్రీలో లెక్కలు చదువుతున్న మా అబ్బాయి ఒక సూత్రం ఇచ్చాడు. వచ్చే ఏడాది పురుగు = వృద్ధి రేటు × ఈ ఏడాది పురుగు × (1 − ఈ ఏడాది పురుగు). చేను మోయగల గరిష్ఠ సంఖ్యను 1 అనుకోవాలట. రేటు 2.5 వేస్తే అంకె ఒకచోట ఆగిపోతోంది. 3.2 వేస్తే రెండు అంకెల మధ్య ఊగుతోంది. 3.9 వేస్తే పొంతనే లేదు. నా లెక్క తప్పా? దీంతో ముందు ఏళ్ల పురుగు ఉధృతిని చెప్పవచ్చా? పురుగు తక్కువగా ఉన్న ఏడాది మందు, శ్రమ మానేయవచ్చా?

జవాబు: మీ లెక్కలో తప్పు లేదు. ఆరేళ్లు విడవకుండా ఎర లెక్క రాసి ఉంచడం చిన్న పని కాదు. ఆ పుస్తకం జాగ్రత్తగా దాచుకోండి. మీ చివరి ప్రశ్నకు మాత్రం ముందే సమాధానం చెబుతాను: మానేయకండి. మీరు శ్రమ పెట్టాల్సింది అసలు పురుగు తక్కువగా ఉన్న ఏడాదే. ఎందుకో మీ సూత్రమే చెబుతుంది.

వృద్ధి రేటు అంటే, పురుగు పలచగా ఉన్నప్పుడు ఒక ఏడాదిలో ఎన్ని రెట్లు అవుతుందో ఆ అంకె. కుండలీకరణంలో ఉన్నది ఇరుకు వల్ల వచ్చే కోత. పురుగులు ఎక్కువైతే మట్టిలో వేర్లు చాలవు, పిల్ల పురుగుల్లో చాలా భాగం పెద్దవి కాకుండానే పోతాయి. ఈ పురుగుకు ఏడాదికి ఒకే తరం. అందుకే కోత ఎంత పడిందన్నది మరుసటి తొలకరికి గాని బయటపడదు. ఇలా ఒక ఏడాది ఆలస్యం కావడమే ఊగులాటకు మూలం. ఇదే పెరుగుదల సూత్రాన్ని గడియారంలా ఆగకుండా నడిచే కాలానికి రాస్తే, రేటు ఎంతైనా సంఖ్య మెల్లగా ఎక్కి గరిష్ఠం దగ్గర ఆగిపోతుంది, ఊగదు. మెట్లు మెట్లుగా నడిచే కాలంలో మాత్రం అడుగు గమ్యం దాటి పడుతుంది, సర్దుకోబోయి ఇటువైపూ దాటుతుంది. కొంతకాలం చేలో తిరిగి, మిగతా కాలం మట్టిలో నిద్రపోయే పురుగులకు ఈ రెండు రకాల కాలమూ కలిసే ఉంటుంది. అలాంటి లెక్కలన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చే పద్ధతిని 1988లో జర్మన్ గణిత శాస్త్రవేత్త స్టెఫాన్ హిల్గర్ రూపొందించాడు. దాన్ని టైమ్ స్కేల్స్ అంటారు, మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే చదవమనండి.

ఇప్పుడు మీ మూడు అంకెలు చూద్దాం. సంఖ్య మారకుండా నిలిచే చోటు 1 − 1/రేటు. రేటు 2.5కి అది 0.6. ఈ ఏడాది సంఖ్యకు ఎదురుగా మరుసటి ఏడాది సంఖ్యను గీస్తే వచ్చే గీతకు ఆ బిందువు దగ్గర వాలు 2 − రేటు, అంటే −0.5. ఏ కారణంగానైనా సంఖ్య 0.6 నుంచి జరిగితే, ఆ తేడా ఏటా సగం అవుతూ పోతుంది. అందుకే మీ అంకె ఆగిపోయింది. రేటు 3.2కి వాలు −1.2. తేడా ఏటా 1.2 రెట్లు పెరుగుతుంది, అదీ ఒకసారి అటు, ఒకసారి ఇటు. చివరికి 0.513, 0.799 అనే రెండు అంకెల మధ్య స్థిరపడుతుంది. రేటు 3 దాటగానే ఇది మొదలవుతుంది. సుమారు 3.449 దగ్గర నాలుగేళ్ల చక్రం, ఆపై ఎనిమిదేళ్లది, ఇలా రెట్టింపవుతూ 3.57 దగ్గర క్రమం తప్పుతుంది. ఇంత చిన్న సూత్రంలో ఇంత గందరగోళం దాగి ఉందని 1976లో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే రాసిన వ్యాసం జీవశాస్త్రంలో పనిచేసేవారిని కదిలించింది. నేను ఆ లెక్కను మొదటిసారి చేత్తో వేసినప్పుడు, మీలాగే ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి వేశాను.

3.9 దగ్గర ఒక పని చేసి చూడండి. ఒక వరుస 0.400తో, మరో వరుస 0.401తో మొదలుపెట్టండి. నాలుగో ఏట 0.822, 0.830. దాదాపు ఒకటే. ఎనిమిదో ఏట 0.543, 0.444. వెయ్యిలో ఒక వంతు తేడా పదిలో ఒక వంతు అయింది. దీపపు ఎరలో పురుగులను వెయ్యిలో ఒక వంతు కచ్చితంగా ఎవరూ లెక్కపెట్టలేరు. కాబట్టి రేటు నిజంగా అంత ఉంటే వచ్చే ఏడాదికి అంచనా వేయవచ్చు గాని, ఎనిమిదేళ్ల తర్వాతకు జోస్యం చెప్పలేం. అయినా హద్దులు మాత్రం ఉన్నాయి. కుదురుకున్నాక ఆ వరుస 0.975 పైకి పోదు, 0.095 కిందికి దిగదు.

మీ చేను ఈ మూడింటిలో ఏ రకమో తెలుసుకోవడానికి ఒక గ్రాఫ్ కాగితం చాలు. అడ్డంగా ఈ ఏడాది సంఖ్య, నిలువుగా మరుసటి ఏడాది సంఖ్య పెట్టండి. ఆరేళ్ల లెక్కకు ఐదు చుక్కలు వస్తాయి. మూల నుంచి మూలకు రెండు సంఖ్యలూ సమానమయ్యే ఏటవాలు గీత కూడా గీయండి. మీ చుక్కల వరుస దాన్ని దాటే చోట కిందికి దిగే వాలు ఒకటి కంటే నిటారుగా ఉందా అన్నదే చూడాలి. ఐదు చుక్కలతో తీర్పు చెప్పడం తొందరపాటే. రెండు కరువు ఏళ్లు వచ్చినా ఇలాంటి ఊగులాటే కనిపిస్తుంది. అందుకే పక్కన ఆ ఏడాది వాన ఎంత పడిందో, తొలి వాన ఏ తేదీన పడిందో కూడా రాయండి. హాసెల్, లాటన్ అనే శాస్త్రవేత్తలు, పైన చెప్పిన రాబర్ట్ మే కలిసి 1976లో అనేక కీటకాల లెక్కలు పరిశీలించినప్పుడు చాలావరకు ఒకచోట కుదురుకునేవే తేలాయి. బంగాళాదుంపను తినే కొలరాడో పెంకు పురుగు చక్రంలో పడింది, ప్రయోగశాలలో పెంచిన ఈగ గందరగోళంలోకి వెళ్లింది. అసలు గందరగోళం ప్రాణుల్లో ఉంటుందా అన్న సందేహానికి, 1997లో పిండి పురుగులను సీసాల్లో పెంచి జవాబు రాబట్టారు. పెద్ద పురుగులు గుడ్లను, ప్యూపాలను తినేస్తాయి. పెద్దవాటి చావును, కొత్తగా చేరే పురుగుల సంఖ్యను చేత్తో మారుస్తూ పోతే నిలకడ, చక్రం, గందరగోళం మూడూ వాటిలో కనిపించాయి.

ఇక మీకు పనికొచ్చే లెక్క. మీ చేను రేటు 3.2 అనుకుందాం. ఉధృతి ఏడాది, అంటే 0.8 దగ్గర, పెంకు పురుగుల్లో సగాన్ని గుడ్లు పెట్టకముందే పట్టి చంపారు. 0.4 మిగిలింది. మరుసటి ఏడాది 3.2 × 0.4 × 0.6, అంటే 0.768. ఏమీ చేయకపోతే 0.513 వచ్చేది! ఇరుకు తగ్గించి పిల్ల పురుగులకు మనమే చోటు చేసినట్టయింది. ఇప్పుడు తక్కువ ఏడాది చూడండి. 0.513లో సగం చంపితే 0.2565 మిగులుతుంది. మరుసటి ఏడాది 0.61. ఏమీ చేయకపోతే 0.8. అదే శ్రమ, ఫలితం తారుమారు. పురుగు లేదని మీరు ఊపిరి పీల్చుకున్న ఏడాదే ఆ పై ఏడాది గుంపును కంటోంది.

దీన్నిబట్టి ఉధృతి ఏడాది చేతులు ముడుచుకోమని మాత్రం అనుకోకండి. ఆ ఏడాది పైరును కాపాడుకోవాలి. సగంతో ఆపవద్దు, అంతే. తొలి వానల తర్వాత సాయంత్రాలు చెట్ల కొమ్మలు కుదిపి, రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. ఒకటి రెండు రోజులతో మానకుండా, పురుగు వచ్చినన్ని రోజులూ చేయండి. వేసవి లోతు దుక్కులతో మట్టిలో ఉన్నవి బయటపడితే పక్షులు ఏరుకుంటాయి. గుడ్ల ముందు దశలోనూ, ఇరుకు పని పూర్తయ్యాక మిగిలిన పురుగు మీదా, రెండు చోట్లా దెబ్బ పడాలి.

రెండో దెబ్బకు లెక్క ఇంకా తేలిక. మిగిలిన పురుగులో ఏటా నాలుగో వంతు తప్పకుండా పోయేలా చూస్తే, 3.2 రేటు 2.4కు దిగుతుంది. ఊగులాట ఆగి సంఖ్య 0.583 దగ్గర నిలుస్తుంది. నూటికి 69 పోతే రేటు ఒకటికి దిగువకు వచ్చి, పురుగు ఏటికేడు తరిగిపోతుంది. ఈ అంకెలు ఎక్కువ ఏడాది, తక్కువ ఏడాది అని చూడకుండా చేసినప్పుడే నిజం.

ఒక సవరణ కూడా చెప్పాలి. మీ సూత్రంలో సంఖ్య 1 దాటితే మరుసటి ఏడాది రుణాత్మకం అవుతుంది, చేలో అది జరగదు. 1954లో చేపల సంఖ్య కోసం కెనడా శాస్త్రవేత్త రికర్ రాసిన సూత్రంలో ఈ లోపం లేదు. అందులో రేటు అంటే ఎన్ని రెట్లు అన్న అంకె కాదు, ఆ రెట్ల సహజ లాగరిథం. అది 2 దాటితే ఊగులాట, 2.69 దాటితే గందరగోళం. మీ అబ్బాయిని అదే ఆరేళ్ల లెక్కను అందులోనూ వేసి చూడమనండి. ఈ తొలకరికి ఎర అదే చోట, అదే దీపంతో, అన్నే రాత్రులు పెట్టండి. దీపం మారితే ఏడో అంకె పాత ఆరింటితో పోల్చడానికి పనికిరాదు.