అడ్వాన్సు చూసి లారీ ఎక్కకండి

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. వయసు 24. హెవీ లైసెన్సు ఈ మధ్యే వచ్చింది. విశాఖలో ఒక కంటైనర్ల కంపెనీ నెలకు 18,000, పైన బత్తా, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఇస్తామంటోంది. సాలూరు ఓనరు ఒకాయన జీతం లేకుండా కిరాయిలో వాటా, చేరగానే 60,000 అడ్వాన్సు అంటున్నారు. మా మావయ్యేమో అమ్మ బంగారం తాకట్టు పెట్టి, మిగతాది ఫైనాన్సులో తెచ్చి పాత పది చక్రాల బండి కొనమంటున్నారు. ఇంటి ఖర్చు 12,000. దాచుకున్నది ఏమీ లేదు. నాకు సాలూరే నయమనిపిస్తోంది.

జవాబు: దాచుకున్నది లేదు కాబట్టే ఆ 60,000 మీకు అంత పెద్దగా కనబడుతోంది. కొత్త డ్రైవర్లు ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. ఎవరు ఎక్కువ అడ్వాన్సు ఇస్తే వాళ్ల బండి ఎక్కుతారు. అది అప్పు. తీరేదాకా ఓవర్‌లోడు వేసినా, తూకం వేసే కాటా తప్పించి పొమ్మన్నా కాదనలేరు. పట్టుబడితే జరిమానా 20,000, పైన అదనపు టన్నుకు 2,000. జరిమానా ఓనరు కట్టినా, మూడు నెలలు సస్పెండయ్యేది మీ లైసెన్సు. ఆ మూడు నెలలు ఇల్లు గడవాలంటే 36,000 ఉండాలి. మీ అత్యవసర నిధికి అదే మొదటి లక్ష్యం, తర్వాత 72,000.

విశాఖలోనే చేరండి. మూలవేతనం 15,000 అయితే పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 135 పోను చేతికి సుమారు 16,000 వస్తుంది. ఇంటికి 12,000 పంపి, మిగిలిన 4,000 జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు మళ్లిస్తే తొమ్మిది నెలల్లో 36,000 అవుతుంది. దారి ఖర్చు బత్తాలోనే సర్దుకోవాలి.

చేరే ముందు డీజిల్ లెక్క అడగండి. కంపెనీ లీటరుకు 4 కిలోమీటర్లు రావాలని లెక్క కట్టి, సాలూరు ఘాటు మీదుగా కోరాపుట్ వైపు లోడుతో పంపితే బండి 3.7 ఇవ్వొచ్చు. వెయ్యి కిలోమీటర్లకు 20 లీటర్లు తేడా. లీటరు 97 వేసుకున్నా దాదాపు 1,950 మీ జీతంలో కోస్తారు. ఘాటుకు వేరే లెక్క ఉందా, పోర్టు దగ్గర ఆగిన రోజులకు హాల్టింగ్ బత్తా ఎంత, కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ లైసెన్సు గానీ, ఖాళీ చెక్కు గానీ అడిగితే చేరకండి. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి. నగదుగా తీసుకుంటే, ప్రమాదం జరిగిననాడు మీరు ఆ బండి డ్రైవరని రుజువు చేయడమే కష్టం. బండి నంబరు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్ తేదీలు చూసుకోండి.

ఆ బండి పాలసీలో కనబడే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఓనరు తనే నడిపితేనే. జీతానికి నడిపే మీకు అది రాదు. ఈఎస్ఐలో అయితే, డ్యూటీలో గాయపడితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజైనా సరే జీతంలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బుకు 70 శాతం, అదీ 78 రోజుల చందా పడ్డాకే. అంటే మొదటి నెలల్లో జ్వరమొస్తే ఆదుకునేది మీ నిధే. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా ఈ వారమే తీసుకోండి, ఒక్కోదానికి 2 లక్షలు. నిధి 36,000 చేరాక 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా, తీసుకోండి. దరఖాస్తులో వృత్తి లారీ డ్రైవరనే రాయండి. దాస్తే క్లెయిము దగ్గర మీ అమ్మగారు ఇబ్బంది పడతారు.

మావయ్యగారి సలహా వద్దే వద్దు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. గేర్‌బాక్సు పోయి షెడ్డులో పదిహేను రోజులు పడి ఉన్నా వాయిదా ఆగదు, బంగారం మీద వడ్డీ ఆగదు. లోడు ఎక్కడ దొరుకుతుందో, ఏ ట్రిప్పుకు ఎంత మిగులుతుందో తెలియని మనిషి రెండు అప్పుల మీద బండి కొనడమేమిటి?

పైడిభీమవరం ఫార్మా ట్యాంకర్లలో బత్తా బాగుందని వెళ్లాలనుకుంటే ముందు ప్రమాదకర సరకుల శిక్షణ, లైసెన్సు మీద దాని ఎండార్స్‌మెంట్ ఉండాలి. ఏడాది అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.