సంచిలో పుట్టగొడుగులు: ‘సాధన’ అంటే కేసు ఉండదా?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవులకు వచ్చినప్పుడు బట్టలు ఉతుకుదామని సంచి తీస్తే, అడుగున జిప్ కవర్‌లో ఎండు పుట్టగొడుగులు కనిపించాయి. కొడైకెనాల్‌లో కొన్నాడట. “ఇది మత్తు కాదమ్మా, సాధన. వేదాల్లో సోమం ఇదే. శివరాత్రికి భాంగ్ తాగితే పట్టుకుంటున్నారా? అమెరికాలో సుప్రీంకోర్టే ఒప్పుకుంది” అంటున్నాడు. మతస్వేచ్ఛ కింద చెల్లుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: చెల్లదమ్మా. అయితే మీ అబ్బాయి అంతో ఇంతో చదివే మాట్లాడుతున్నాడు కాబట్టి ‘తప్పు’ అని కసిరితే వినడు. ఈ జవాబు అతనికే చూపించండి.

సోమం పుట్టగొడుగేనని 1968లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ ఒక పుస్తకమే రాశాడు. కాదు, ఎఫిడ్రా అనే మొక్క అన్నవాళ్లూ ఉన్నారు. ఆ తగవు నేటికీ తెగలేదు. తమాషా ఏమిటంటే, వాసన్ చెప్పింది ఎర్రటి గొడుగు మీద తెల్లమచ్చలుండే అమానిటా మస్కేరియా గురించి. అందులో సైలోసిబిన్ అనే భ్రాంతులు కలిగించే మత్తు పదార్థం ఉండదు. కొడైకెనాల్‌లో ‘మ్యాజిక్ మష్రూమ్’ పేరుతో అమ్మేవాటిలో ఉండేదేమో సైలోసిబినే. అంటే వాసన్ మాట నమ్మినా అది మీవాడి కవర్‌కు అతకదు.

అనుభవం అబద్ధమని నేననను. 1962లో బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో, గుడ్ ఫ్రైడే నాడు, 20 మంది క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థుల్లో సగం మందికి సైలోసిబిన్ ఇచ్చి చూశారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది దైవానుభూతి కలిగిందనే చెప్పారు. కానీ పంచనామా రాసే ఎస్ఐ ఏం కనిపించిందని అడగడు, తూకం ఎంతో చూస్తాడు.

మత్తుపదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సైలోసిబిన్‌ను నిషేధిత పదార్థాల పట్టికలో పెట్టింది. సెక్షన్ 8 ప్రకారం వైద్య, శాస్త్రీయ అవసరాలకే మినహాయింపు; పూజకు, సాధనకు లేదు. 2 గ్రాముల దాకా చిన్న పరిమాణం: ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 50 గ్రాములు దాటితే 10 నుంచి 20 ఏళ్లు, బెయిలూ కష్టం.

ఆ గ్రాములు పుట్టగొడుగువా, అందులోని సైలోసిబిన్‌వా? పుట్టగొడుగు సహజంగా మొలిచేది, మిశ్రమం కాదు, కాబట్టి మొత్తం బరువు లెక్కకు రాదని 2025 జనవరిలో కేరళ హైకోర్టు అంది. దీన్ని పట్టుకుని ‘మష్రూమ్ లీగల్’ అని ప్రచారం చేస్తున్నారు. అది బెయిల్ ఉత్తర్వు మాత్రమే. శిక్ష ఏ స్థాయిదన్న వాదనకు పనికొస్తుందేమో కానీ, కేసే లేకుండా చేయదు.

భాంగ్ సంగతి వేరు. చట్టం శివుణ్ని చూసి వదల్లేదు, ఆకును చూసి వదిలింది. గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలని నిర్వచనం. విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి.

అమెరికాలో 2006లో ఒక చర్చి అయవాస్కా అనే మత్తు కషాయం కేసు గెలిచిన మాట నిజమే. దానికి ఆధారం అక్కడ 1993లో చేసిన మతస్వేచ్ఛ చట్టం. అంతకుముందు 1990లో పెయోటి అనే మత్తు కాక్టస్ తిని ఉద్యోగం పోగొట్టుకున్న ఇద్దరు అదే సుప్రీంకోర్టులో ఓడిపోయారు. మనకు అలాంటి చట్టం లేదు. మన రాజ్యాంగంలో మతస్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం మొదలయ్యేదే ‘ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి’ అని. పైగా ఆ ఆచారం మతానికి తప్పనిసరి భాగమని రుజువు చేయాలి. కత్తులు, పుర్రెలతో తాండవం చేస్తామన్న ఆనందమార్గ అనే ఆధ్యాత్మిక సంస్థవారే ఆ పరీక్షలో నెగ్గలేకపోయారు.

ఇక మీ సంగతి. తెలిసి ఇంట్లో ఉంచనిస్తే సెక్షన్ 25 కింద ఇంటివారి మీదకూ రావచ్చు. వాడి రూముకు కొరియర్ చేయడం లాంటివి పొరపాటున కూడా చేయకండి, ఫోన్‌లో దీని గురించి మెసేజ్‌లూ వద్దు. ఇద్దరూ కలిసి ఈ వారంలోనే మీ ఊళ్లో క్రిమినల్ కేసులు చూసే లాయరును నేరుగా కలవండి. వాడకం అలవాటుగా మారి ఉంటే తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరమనండి. చిన్న పరిమాణం కేసుల్లో అలా చేరినవారిని ప్రాసిక్యూషన్ నుంచి కాపాడటానికి సెక్షన్ 64ఏ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది.