చిన్న ప్రైవేట్ విమానంలో బెల్టు తప్పనిసరా? పిల్లాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చా?

అమెరికా సంగతైతే చెప్పగలను. ఈ రెండు ప్రశ్నలకీ మా ఇంట్లో ఒకే రోజు జవాబు దొరికింది. అందులో వెధవనైంది నేనే.

మా ఫ్రెండ్‌కి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. టెక్సస్‌లోని డెంటన్‌లో సెస్నా 172 అద్దెకి తీసుకుని మమ్మల్ని తిప్పుతానన్నాడు. చిన్న విమానం అనగానే అమ్మకి సౌందర్య గుర్తొచ్చి వారం రోజులు వద్దంది. 2004 నాటి ఆ వార్త మనవాళ్ళెవరూ మర్చిపోలేదు కదా. చివరికి మనవడి కోసం ఒప్పుకుంది.

అక్కడికెళ్ళాక వాడు ముందు అడిగింది అందరి బరువులు. "ఆడవాళ్ళని బరువు అడుగుతారా నాయనా?" అంది అమ్మ. అడగాలి మరి. 172ఎస్ మోడల్ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. ట్యాంకులు నింపితే ఇంధనమే 300 పౌండ్ల పైన. నాలుగు సీట్లున్నాయని నలుగురు భారీ మనుషులు ఎక్కేస్తే కుదరదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా పైలటే చెప్తాడు. అమ్మకి ముందు సీటు కావాలి. వాడు మాత్రం ఆ చీర కుచ్చిళ్ళు, అక్కడుండే పెడల్స్ చూసి వెనక్కి పంపాడు.

తర్వాత ఒడి గొడవ. "వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆర్టీసీ బస్సులో తిరుపతి దాకా తీసుకెళ్ళాను" అని నన్ను చూపించింది. రూలు ప్రకారం రెండో పుట్టినరోజు రాని పిల్లల్నే పెద్దవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవచ్చు. మావాడికి రెండేళ్ళు నిండి రెండు నెలలైంది. ఆ పుట్టినరోజుకే అమ్మ తెనాలి నుంచి వచ్చింది, కాబట్టి అబద్ధం చెప్పడానికీ లేదు! విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో రాసి ఉన్న కారు సీటులోనే వాణ్ణి బిగించాం. నన్నడిగితే ఆ రెండేళ్ళ మినహాయింపు కూడా తీసెయ్యాలి. గట్టి కుదుపొస్తే పిల్లాణ్ణి చేతులతో ఆపగలిగే తల్లి ఈ భూమ్మీద లేదు.

బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా తియ్యాలో మా ఫ్రెండ్ అందరికీ చూపించాడు, అది పైలట్ బాధ్యత. నేను పెట్టుకున్నాను కూడా. ఇంతలో అమ్మ చేతిసంచి కింద నిలబడ్డ మా ఆవిడకి ఇవ్వాల్సొచ్చి, బెల్టు తీసి, తలుపు తెరిచి ఇచ్చి, మళ్ళీ మూశాను. "బెల్టులు?" అన్నాడు వాడు. "ఆఁ ఆఁ" అన్నాను, ఆఫీసు మీటింగులో అన్నట్టు.

నేల వదలగానే నా తలుపు పక్క ఢబఢబఢబా అని మోత. ఇంజిన్ ఊడిపోతోందనే అనుకున్నాను. వెనక ఆంజనేయ దండకం మొదలైంది. వాడు మీటర్లన్నీ చూసి, నావైపు తిరిగి, "నీ బెల్టేదిరా?" అన్నాడు. తడుముకుంటే లేదు. తలుపు కింద నుంచి బయటికి వేలాడుతూ, దాని ఇనప ముక్క విమానాన్ని బాదుతోంది. లాగబోతే "తలుపు ముట్టుకోకు" అని ఒక్క అరుపు. చుట్టు తిరిగి వచ్చి దిగాం. ఆ కొద్ది నిమిషాలూ బెల్టు లేకుండా కూర్చున్న నాకు ప్రతి కుదుపూ లెక్కే. కింద చూస్తే అరచేయంత మేర రంగు లేచిపోయింది. ఆ డబ్బు నేనే కట్టాను.

రూలు అడిగారు కాబట్టి: నేల మీద కదులుతున్నప్పుడు, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ముందైనా వెనకైనా అందరికీ బెల్టు తప్పనిసరి. భుజం పట్టీ ఉంటే అది కూడా. 1986 డిసెంబరు 12 తర్వాత తయారైన ఇలాంటి చిన్న విమానాల్లో అన్ని సీట్లకీ ఆ పట్టీ ఉండాలి. పైకెళ్ళాక ప్రయాణికులు తీసినా రూలు ఒప్పుకుంటుంది కానీ ఎందుకు తియ్యడం? ఆ డబ్బాలో లేచి ఎక్కడికెళ్తారు?

ఇప్పుడు వాడు నోటిమాట నమ్మడు, ప్రతివాళ్ళ బెల్టూ చేత్తో లాగి చూస్తాడు. మన టాక్సీల సంగతి వేరు, వెనక బెల్టులు సీటు కవర్ల కింద సమాధి. పోయిన నెల గన్నవరంలో దిగి టాక్సీ ఎక్కిన అమ్మ బెల్టు వెతుకుతుంటే, "వెనక అక్కర్లేదమ్మా" అన్నాడట డ్రైవర్. తెనాలి దాకా అతనికి నా కథ చెప్పిందట, నా పేరుతో సహా.