ఇంట్లో కారు ఛార్జర్ ఎక్కడ పెట్టించాలి: మీటర్ పక్కనా, కారు పక్కనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కొత్త ఎలక్ట్రిక్ కారు త్వరలో వస్తోంది. గేటు దగ్గర మీటర్ బోర్డు పక్కనే ఛార్జర్ బిగిస్తే వైరు ఖర్చు మిగులుతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. ఇంట్లో వాళ్లేమో కారు నిలబెట్టే చోట, లోపలి గోడకు పెట్టించమంటున్నారు. అలా చేస్తే సుమారు 25 మీటర్ల వైరు లాగాలి. ఏది మేలు?

ఇంట్లో వాళ్ల మాటే వినండి. మా ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ కార్లున్నాయి, రెండింటికీ ఛార్జర్ ఒక్కటే. రోజూ వాడుతున్న మనిషిగా చెబుతున్నాను. గోడలోంచి వెళ్లే వైరును ఒక్కసారే లాగుతారు, ఆ తర్వాత దాని సంగతే గుర్తుండదు. ఛార్జింగ్ గన్ను (కేబుల్ కొసన ఉండే, కారుకు గుచ్చే ప్లగ్) మాత్రం ప్రతి రాత్రీ మీ చేత్తో లాగాలి, పొద్దున్నే మళ్లీ చుట్టి పెట్టాలి. అందుకే లెక్క మీటర్ దగ్గర కాకుండా కారుకున్న ఛార్జింగ్ పోర్ట్ (గన్ గుచ్చే చోటు) దగ్గర మొదలుపెట్టాలి.

దూరం ఎక్కువైతే కరెంటు తగ్గిపోతుందేమో అన్న అనుమానం ఉంటే, లెక్క వేసి చూడండి. సింగిల్ ఫేజ్ మీద 7.4 కిలోవాట్ల ఛార్జర్ 32 ఆంపియర్లు తీసుకుంటుంది. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 25 మీటర్లు లాగితే దారిలో పోయేది సుమారు 6 వోల్టులు. 230 వోల్టుల్లో అది రెండున్నర శాతం. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే మూడున్నర వోల్టులకు దిగుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ నిండడానికి దాదాపు ఆరు గంటలు పడుతుందనుకుంటే, సన్న వైరులో వేడిగా పోయే కరెంటు ఒక యూనిట్ పైచిలుకు. నేనైతే లావు వైరే వేయిస్తాను. గంటల తరబడి ఫుల్ లోడ్ మోయాల్సిన వైరు చల్లగా ఉంటే మనకూ నిశ్చింత.

ఇక పోర్ట్ సంగతి. ఇది ఒక్కో కారుకు ఒక్కో చోట ఉంటుంది. పాత నిస్సాన్ లీఫ్‌కు ముందు ముక్కు మీద, టెస్లా కార్లకు వెనక ఎడమవైపు లైటు పక్కన, హ్యుందాయ్ అయానిక్ 5కి వెనక కుడివైపు. మీ కారుకు ఎక్కడుందో చూసుకోండి. మీరు కారును ముందుకు పోనిచ్చి పెడతారా, రివర్స్‌లో పెడతారా అన్నది కూడా ఆలోచించండి. ఛార్జర్ కోసం పార్కింగ్ అలవాటు మార్చుకుందామని అందరూ అంటారు కానీ, రాత్రి అలసిపోయి ఇంటికొచ్చినప్పుడు చేతులు పాత పద్ధతిలోనే స్టీరింగ్ తిప్పుతాయి. కాబట్టి ఇప్పుడున్న అలవాటుకే సరిపోయేలా చోటు ఎంచుకోండి.

గోడకు రంధ్రం పెట్టకముందే మేం చేసిన పని ఒకటి మీకూ గట్టిగా చెబుతాను. ఛార్జర్‌తో వచ్చే కేబుల్ ఎంత పొడవో కనుక్కుని (సాధారణంగా 5 నుంచి 7 మీటర్లుంటుంది) అంతే పొడవు తాడు తీసుకున్నాం. ఛార్జర్ పెట్టాలనుకున్న చోట, నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఒక కొసను టేపుతో అంటించాం. రెండో కొసను కారు పోర్ట్ దాకా తీసుకెళ్లాం. అప్పుడు తెలిసింది అసలు విషయం. గోడ మీద నుంచి నేలకు దిగడానికి ఒక మీటరు పైనే పోతుంది, నేల నుంచి పోర్ట్‌కు ఎక్కడానికి ఇంకో ముప్పావు మీటరు. అంటే 5 మీటర్ల కేబుల్‌లో నేల మీద పనికొచ్చేది మూడు మీటర్లు, మహా అయితే ఇంకో జానెడు. పైగా తాడు వంగినట్టు కేబుల్ వంగదు. బొటనవేలంత లావుంటుంది, చలికి ఇంకా బిర్రబిగుస్తుంది. మూల తిప్పాలంటే గుండ్రంగా తిరగడానికి దానికి చోటు కావాలి. తాడుతో అందింది కదా అని సరిపెట్టుకోకుండా ఇంకో మీటరు వదులు ఉండేలా చూసుకోండి.

తాడును అలాగే వదిలేసి కొన్ని రోజులు మామూలుగా తిరిగాం. మేం మొదట అనుకున్న గోడకు పెడితే కేబుల్ సరిగ్గా వంటింటి తలుపు ముందు నుంచి వెళ్తుందని అప్పుడే బయటపడింది. మా అమ్మ చీకట్లో ఆ దారినే బట్టలు ఆరేయడానికి వెళ్తుంది. ఆ గోడను అక్కడికక్కడే వద్దనుకున్నాం. ఇంట్లో పెద్దవాళ్లో, పరుగెత్తే పిల్లలో ఉంటే మిగతా లెక్కలన్నిటి కంటే ఇదే ముందు చూడాలి. కేబుల్ నడిచే దారిని దాటకూడదు, అంతే. చివరికి రెండు కార్ల మధ్యనున్న స్తంభానికి పెట్టించాం. ఒక కారుకు పోర్ట్ ముందుంది, ఇంకోదానికి వెనకుంది. రెండింటికీ అందుతుంది, ఎవరి కాళ్లకూ అడ్డం రాదు.

స్తంభానికైనా, వెనక గోడకైనా పెట్టేటప్పుడు రివర్స్‌లో వచ్చే కారు తగలకుండా చూసుకోండి. డిక్కీ తలుపు పైకి లేచినప్పుడు ఎంత దూరం వస్తుందో కూడా కొలవాలి. వాన నీళ్లు నిలిచే చోటైతే ఛార్జర్‌నే కాదు, గన్ తగిలించే హుక్కునూ ఎత్తులో పెట్టించాలి. గన్ నేల మీద పడుంటే పిన్నుల్లోకి మట్టి చేరుతుంది.

వాన గురించి చాలామందికి టెన్షన్ ఉంటుంది. గన్ కారులో సరిగ్గా కూర్చుని, కారూ ఛార్జరూ సిగ్నల్‌తో ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే ఛార్జర్ లోపలి కాంటాక్టర్ (కరెంటును కలిపే స్విచ్) పడి కరెంటు వెళ్తుంది. ఊరికే వేలాడుతున్న గన్‌లో మెయిన్ కరెంటు ఉండదు. బయట గోడకు పెట్టేటప్పుడు డబ్బా మీద ఐపీ రేటింగ్ చూడండి. ఐపీ65 అని ఉంటే దుమ్ము లోపలికి పోదు, ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. నన్నడిగితే వాన కంటే ఎండ గురించే ఎక్కువ ఆలోచించాలి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే గోడకు పెడితే డబ్బా వేడెక్కుతుంది. లోపల వేడి హద్దు దాటితే చాలా ఛార్జర్లు తమంతట తామే ఆంపియర్లు తగ్గించుకుంటాయి, మీకేమో ఛార్జింగ్ నెమ్మదిగా అవుతుంది. నీడ పడే గోడ దొరికితే వదలకండి. లేదంటే పైన చిన్న రేకు కప్పించండి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పడకగది గోడకు అవతలివైపు ఛార్జర్ పెట్టించకండి. టైమర్ పెట్టి అర్ధరాత్రి ఛార్జింగ్ మొదలయ్యేలా చేస్తే, కాంటాక్టర్ పడేటప్పుడు టక్‌మని శబ్దం వస్తుంది. గోడకు బిగించిన డబ్బా కాబట్టి అవతలి గదిలోకీ వినిపిస్తుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు కొన్ని కార్లలో ఫ్యాను, కూలెంట్ పంపు కూడా తిరుగుతుంటాయి. నిద్ర తేలికగా ఉండేవాళ్లకు అది చాలు.

యాప్‌తో నడిచే ఛార్జరైతే అక్కడికి వైఫై అందుతుందో లేదో ఫోన్‌తో చూడండి, గేటు తలుపు మూసి మరీ చూడండి. అందకపోతే పవర్ వైరు వేసేటప్పుడే పక్కన వేరే పైపులో నెట్‌వర్క్ కేబుల్ కూడా వేయించేయండి. పవర్ పైపు కూడా కాస్త పెద్దది వేయించండి. రేపు రెండో ఛార్జర్ పెట్టాలన్నా, త్రీ ఫేజ్‌కు మారాలన్నా మళ్లీ గోడలు పగలగొట్టే పని ఉండదు.

మీ ఎలక్ట్రీషియన్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంటి శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) ఈ ఛార్జర్‌ను మోస్తుందా? ఏసీ, గీజర్, ఛార్జర్ ఒకేసారి ఆన్ అయితే ఏమవుతుంది? లోడ్ చాలకపోతే ఆంపియర్లు తగ్గించి వాడుకోవచ్చు, లేదా మెయిన్ మీద సెన్సర్ పెట్టి ఇంటి వాడకాన్ని బట్టి తనే సర్దుకునే ఛార్జర్ తీసుకోవచ్చు. ఛార్జర్‌కు బోర్డు నుంచి సొంత లైను, సొంత ఎంసీబీ (లోడ్ మించితే తనే పడిపోయే స్విచ్) ఉండాలి. ఉన్న సాకెట్ లైనులోంచి తీస్తానంటే ఒప్పుకోకండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఏ టైపు వేస్తున్నారో కూడా అడగండి. కారు వైపు నుంచి డీసీ లీకేజీ వస్తే మామూలు ఏసీ టైపుది పనిచేయకపోవచ్చు. ఛార్జర్‌లోనే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటుంటే టైప్ ఏ చాలు, లేకపోతే టైప్ బీ కావాలి. ఎర్తింగ్‌ను కొలిచి చూపించమనండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్రలైటు చూపించి అసలు మొదలే కావు.

కారు దగ్గర నిలబడితే చేతికందేలా ఒక ఐసొలేటర్ స్విచ్ కూడా పెట్టించండి. ఏదైనా తేడా అనిపిస్తే గేటు దాకా పరుగెత్తకుండా అక్కడే ఆపేయొచ్చు. వాడకం మొదలైన కొన్ని వారాలకు అదే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, బోర్డులోనూ ఛార్జర్‌లోనూ టెర్మినల్ స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడమనండి. రోజూ గంటల కొద్దీ 32 ఆంపియర్లు పారే చోట వదులైన స్క్రూ వేడెక్కి వైరు తొడుగును కాల్చేస్తుంది. ఈ పనికి మళ్లీ వస్తానని పని ఒప్పుకునేటప్పుడే మాట తీసుకోండి.