జీను వేయబోతే చాలు, కొరకడానికి వస్తోంది

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. పెళ్లి బరాత్‌లకు తిప్పే ఆడ గుర్రం ఉంది, తొమ్మిదేళ్లది. పసిపిల్లలు ఎక్కినా కదిలేది కాదు. నెల రోజుల నుంచి జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి కొరకబోతోంది, మనిషి ఎక్కాక ఎగురుతోంది, మొన్న నల్గొండలో పెళ్లికొడుకును పడేసినంత పని చేసింది. కొట్టంలో మాత్రం మామూలే, మేత తింటోంది. సీజన్‌కు ముందు కొత్త జీను కొన్నాం, డెక్కలకు నాల్ (ఇనుప నాడాలు) కొత్తవి కొట్టించాం, బలం కోసం ఉలవలు పెంచాం. పొగరెక్కింది, నాలుగు తగిలిస్తే దారికొస్తుందని మావాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందైతే ఆ కర్ర పక్కన పెట్టండి. ఇన్నేళ్లు పిల్లల్ని మోసిన గుర్రానికి నెలలో పొగరు రాదు, నొప్పి వస్తుంది. ఇంగ్లండ్ పశువైద్యురాలు సూ డైసన్ స్వారీలో గమనించాల్సిన 24 లక్షణాలు రాశారు, చెవులు వెనక్కి పెట్టడం, తోక విసరడం, నోరు తెరవడం, ముందుకు కదలననడం లాంటివి. వాటిలో 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే, కుంటడం మన కంటికి తెలియకపోయినా సరే, ఒంట్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ.

మీ ఉత్తరంలో అసలు మాట, మనిషి ఎక్కకముందే, పట్టీ దగ్గరే కొరకబోతోందన్నది. అంటే నా అనుమానం జీను మీద, ఆ తర్వాత పొట్ట మీద. మూడు మార్పులూ ఒకేసారి చేశారు కాబట్టి ఒక్కొక్కటిగా వెనక్కి తీయండి, లేకపోతే గుర్రం బాగుపడ్డా కారణం తెలియదు, వచ్చే సీజన్‌లో మళ్లీ ఇదే టెన్షన్.

మూపు నుంచి నడుము దాకా వెన్నెముకకు రెండు పక్కలా వేళ్లతో నొక్కుకుంటూ రండి, చర్మం వణికినా వీపు కిందికి దించినా అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత దుప్పటి లేకుండా జీను పెట్టి చూడండి, మూపు మీద రెండు మూడు వేళ్లు దూరాలి, వెన్నెముకకు ఎక్కడా ఆనకూడదు. జీను తిరగేసి లోపలి చట్రం విరిగిందేమో, మేకు లేచిందేమో, జరీ, అద్దాలు కుట్టిన చోట ముడులు పొడుచుకొస్తున్నాయేమో చేత్తో తడమండి. ఎవరినీ ఎక్కించకుండా జీనుతో అరగంట నడిపించి తీయండి. చెమట పట్టిన వీపు మధ్యలో పొడి మచ్చలు మిగిలితే ఒత్తిడి అక్కడే పడుతోంది. పాత జీను ఇంకా ఉంటే దాంతోనూ చూడండి, తేడా వెంటనే తెలియొచ్చు.

బరువు సంగతి కూడా. జీనుతో కలిపి మొత్తం బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవాలి, 350 కిలోల గుర్రానికి 70 కిలోలన్నమాట. పెళ్లికొడుకు, ముందు కూర్చోబెట్టే తోడుపెళ్లికొడుకు, జీను, అన్నీ కలిపి మీరే లెక్కేయండి. ఆ లెక్కకు సరిపోయే పెళ్లికొడుకులు నాకైతే తక్కువే కనిపిస్తారు.

ఇక పొట్ట. గుర్రం తిన్నా తినకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, మధ్యాహ్నం బండి ఎక్కించి అర్ధరాత్రి దాకా డీజే ముందు ఖాళీ కడుపుతో నిలబెడితే పుండ్లు పడొచ్చు. మేత తింటోందని ధీమా పడకండి. ఉలవలు పాత కొలతకు తెచ్చి, గడ్డి ఎప్పుడూ ముందుండేలా చూడండి, బరాత్‌కు ముందు కాస్త ఎండుగడ్డి తప్పనిసరి. మన వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ కాబట్టి ఒక మాట: చౌకగా దొరికిందని కోళ్ల దాణా మాత్రం పెట్టకండి, అందులో కలిపే మొనెన్సిన్ లాంటి మందులతో గుర్రం గుండె దెబ్బతిని చచ్చిపోవచ్చు.

నాల్ మేకు లోపలికి దిగితే మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే కుంటుతుంది, అందుకే దాని మీద అనుమానం తక్కువ. అయినా డెక్కల్లో ఏదైనా వేడిగా ఉందేమో చూడండి. కళ్లెం లాగితే తల ఎగరేస్తుంటే పళ్లు చూపించాలి. ఎద సుమారు 21 రోజులకోసారి వస్తుంది, చిరాకు వచ్చి పోతుంటే అది అనుకోవచ్చు, మీది నెలంతా ఉంది.

నొప్పి మందు వేసి బరాత్‌కు పంపే పని మాత్రం వద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పశువైద్యశాలలో చూపించండి, అక్కడ తేలకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లండి. జ్వరం 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, వెనక కాళ్లు తూలినా, ఒళ్లు బిగుసుకుపోయి మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ రోజే చూపించాలి. జ్వరం వచ్చి పోతుంటే సర్రా అనే రక్తంలో పరాన్నజీవి జబ్బుకు రక్త పరీక్ష అడగండి, అది కుట్టే ఈగల వల్ల వస్తుంది.

ఒప్పుకున్న పెళ్లిళ్లు కొన్నాళ్లు వేరే గుర్రం వాళ్లకు అప్పగించండి, కుదరకపోతే అడ్వాన్సు తిరిగిచ్చేయండి. కారణం దొరికి సరిచేశాక కూడా మర్నాటికే తగ్గిపోదు, పట్టీ అంటే భయం ఉండిపోతుంది, కాబట్టి గడ్డి తింటుండగా ఒక్కో రంధ్రం చొప్పున మెల్లగా బిగించండి, మొదట ఇంటి దగ్గరే, బ్యాండు లేకుండా, మీ వాళ్లలో స్వారీ తెలిసిన బక్క కుర్రాణ్ని ఎక్కించి చూడండి.