లాక్‌డౌన్‌లో పిల్లలకు ఫిట్స్ వచ్చినప్పుడు మీరేం చేశారు?

2020 లాక్‌డౌన్‌లో పిల్లలకు ఫిట్స్ వస్తే ఎమర్జెన్సీకి వెళ్లారా, భయపడి ఇంట్లోనే ఉండిపోయారా అని అడిగారు. మేం వెళ్లాం. మళ్లీ అలాంటి రోజులొచ్చినా వెళ్తాం.

మా పాపకు అప్పటికి ఏడాదిన్నర. మధ్యాహ్నం నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. సాయంత్రం నా ఒళ్లోనే ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. నోటి పక్క నుంచి నురగ. ఫోన్ స్పీకర్‌లో మా అత్తయ్య "పళ్ల మధ్య చెంచా పెట్టండ్రా" అని ఒకటే కేకలు. మా ఆవిడ ఆ మాట చెవిన పెట్టకుండా, పాపను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే: ఎంతసేపు వచ్చింది?

ఆసుపత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగి పాప మగతలో ఉంది. జ్వరం అనగానే గేటు దగ్గరే వేరే లైన్‌లోకి పంపారు. లోపలికి ఒక్కరినే రానిచ్చారు. నర్సమ్మ ఫేస్‌షీల్డ్ అంతా ఆవిరి పట్టి, తల పైకెత్తి కింది సందులోంచి చూస్తూ థర్మామీటర్ పెట్టిందట. పాప ఆమెను చూసి గుక్కపట్టి ఏడ్చాకే మా ఆవిడకు ప్రాణం కుదుటపడింది.

అమెరికాలో 2020 ఏప్రిల్‌లో చిన్నపిల్లల ఎమర్జెన్సీ విజిట్లు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 70 శాతానికి పైగా పడిపోయాయని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. బడులు మూసేసి జలుబులూ జ్వరాలూ తగ్గిన మాట నిజమే. కానీ అంత తగ్గడానికి సగం కారణం భయమే అని నా గట్టి నమ్మకం. ఇంట్లో కూర్చుని వాట్సాప్ ఫార్వర్డ్‌లు చదివితే ఎవరికి మాత్రం టెన్షన్ రాదు?

నా అసలు కోపం వేరే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఇంత మామూలు విషయం టీకాలకు వెళ్లినప్పుడు ఒక్కరూ చెప్పరు! జ్వరం మందు పోస్తే ఫిట్స్ రావని మాత్రం అందరూ చెప్తారు. ఆ మందుతో పిల్లలకు ఒంటి బాధ తగ్గుతుంది, అంతే. ఫిట్స్ రాకుండా ఆపదు. ఇక చుట్టాలైతే వెంటనే మూర్ఛరోగం అని ముద్ర వేసేస్తారు. జ్వరంతో వచ్చే ఫిట్స్, మూర్ఛరోగం ఒకటి కావు.

ఫిట్స్ రావడం మొదటిసారైనా, ఐదు నిమిషాలు దాటినా, ఊపిరి సరిగా ఆడకపోయినా ఆలోచించకుండా అంబులెన్స్ పిలవండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఇంట్లో ఇంకొకరుంటే వీడియో తీయమనండి. అత్తయ్యలు తిడతారు, తిట్టనివ్వండి. డాక్టర్‌కు ఆ వీడియో బాగా పనికొస్తుంది.